రుసుము లేని దారి

లాండ్రీ వెనక గది నుంచి

వదినా,

ఫోన్లో చెప్పడానికి కుదరక ఉత్తరం రాస్తున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య జేబులో ఉంటుంది. మోగగానే స్పీకర్ పెడతాడు, నేనిక్కడ దగ్గితే మన వీధి చివర వినిపిస్తుంది. అందుకే నీ కుట్టు దుకాణం చిరునామాకి రాస్తున్నా. చదివి మిషను సొరుగులో పడెయ్.

విషయం డబ్బు పంపడం గురించి. ఇన్నేళ్ళూ బ్యాంకులో వేస్తూ వచ్చాను కదా, ఆ బ్యాంకు పేరెత్తితే ఒళ్ళు మండిపోతోంది. పంపేటప్పుడు ఇక్కడో కోత. మధ్యలో మనం ముఖం కూడా చూడని ఇంకో బ్యాంకు ఉందట, దానికో కోత. అన్నయ్య ఖాతాలో పడేటప్పుడు మళ్ళీ కోత. హోటళ్ళ దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి సంపాదించింది నేను. వాళ్ళేం ఉతికారని ఈ కోతలు?

అందుకని మా గదిలో ఉండే బడి వంటావిడా నేనూ కలిసి ఊరంతా తిరిగి కనుక్కున్నాం. ఫోన్లోంచి పంపితే చిటికెలో చేరుతుందట గానీ దానికి సవాలక్ష కాగితాలు అడుగుతున్నారు. ఎవరైనా ఇంటికెళ్తుంటే చేతికిచ్చి పంపుదామంటే మా వరుసలో గదులవాళ్ళు రెండేళ్ళకోసారి గానీ కదలరు. ఇక బస్టాండు పక్కన ఒక కౌంటరు ఉంది. అద్దం మీద ఎర్రటి అక్షరాలతో 'రుసుము లేదు' అని రాసుంటుంది. "మరి మీరేం తిని బతుకుతారండీ?" అని అడిగితే లోపలాయన నవ్వాడు. ఆయన వెనకున్న బోర్డు చూస్తే తెలిసింది. మారకం రేటు అందరికంటే తక్కువ. ముందు తలుపు దగ్గర దండం పెట్టి వెనక తలుపులోంచి పట్టుకుపోతున్నారన్న మాట. ఎవర్నడిగినా మేం తీసుకోం అంటారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం.

అన్నీ బేరీజు వేస్తే మన చిన్న మొత్తానికి ఆ కౌంటరే కాస్త నయమని తేలింది. ఈ నెల నుంచి అందులో, నీ పేరున పంపుతున్నాను. అన్నయ్యకి బస్సు డిపోలో సెలవు దొరకదుగా. మొత్తం ఎప్పుడూ పంపేదే. చిల్లర కూడా తగ్గలేదని అన్నయ్యకి చెప్పు.

నీ మరదలు

*

కుట్టు దుకాణం నుంచి

మరదలు పిల్లకి,

నీ బేరీజు బంగారం కానూ! ఎంత మంచి దారి చూపించావే తల్లీ. మిషను ఆపుకుని, ఇద్దరు గిరాకీలను రేపు రమ్మని వెనక్కి పంపి, మన ఊళ్ళో ఉన్న ఆ కంపెనీ కౌంటరు వరసలో కాళ్ళు పీకేదాకా నిలబడ్డాను. నా వంతు వచ్చింది. నువ్వు ఫోన్లో చెప్పిన రహస్య సంఖ్య చెప్పాను. నా కార్డు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడు కదా:

"పంపినవాళ్ళ పేరు?"

నీ పేరు చెప్పాను.

"కాదమ్మా."

"కాదేంటండీ, నా ఆడపడుచు పేరు నాకు తెలీదా? దానికి జడలు వేసి బడికి పంపినదాన్ని."

"కంప్యూటర్లో వేరే పేరుంది. కనుక్కుని రేపు రండి."

రేపు రావాలట! నా వెనక వరసంతా గోల. నేను కదల్లేదు. "రేపటి గిరాకీ మీరిస్తారా? రుసుము లేదని బోర్డు పెట్టారు, నా రోజు పోయింది, అది రుసుము కాదా?" అని గట్టిగానే అరిచాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా లేచి చూశారు. మేనేజరు కూడా బయటికొచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది, నీ గదిలో వంటావిడ పేరు నువ్వోసారి చెప్పావు. అది చెప్పాను. "ఇదేదో ముందే చెప్పొచ్చుగా" అని డబ్బు చేతిలో పెట్టాడు.

డబ్బు సరిగ్గానే ఉంది. మీ అన్నయ్య మేడ మీద గదికి స్తంభాలు లేపేశాడు. ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి. "చెల్లి డబ్బుతో కడుతున్నా" అని డిపోలో అందరికీ టీలు పోయించాడట.

ఇంతకీ నీ డబ్బు ఆవిడ పేరున ఎందుకొచ్చింది?

నీ వదిన

*

లాండ్రీ వెనక గది నుంచి

వదినా,

ఆ రోజు నాకు ఓవర్‌టైము ఉంది, ఆవిడ వెళ్తుంటే ఇచ్చాను. అంతే. ఈ నెలది కూడా ఆవిడే పంపుతోంది. దానికేదో పోలీసు స్టేషన్లో అడిగినట్టు ఎందుకు అడుగుతావు? డబ్బు ముట్టిందా లేదా? ముట్టింది కదా. ఎవరి పేరుతో వస్తే ఏం? నేనేం తప్పు చేయడం లేదు, ఏదీ దాచడం లేదు. పని ఎక్కువగా ఉంది, ఉంటాను.

నీ మరదలు

*

కుట్టు దుకాణం నుంచి

చిట్టీ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. దాస్తున్నావని నేనన్నానా?

ఈ నెల డబ్బూ వచ్చింది, మళ్ళీ ఆవిడ పేరునే. దాన్ని మీ అన్నయ్యకి ఇచ్చాను గానీ నాకు సంతోషం లేదు. ఐదేళ్ళుగా ప్రతి ఫోనులోనూ ఆ లాండ్రీ సంగతులే చెప్పేదానివి. ఏ యంత్రం మొరాయించింది, ఏ హోటలు దుప్పట్లకి మరకలు పోలేదు, సూపర్‌వైజరు ఎవర్ని తిట్టాడు, అన్నీ. రెండుత్తరాల్లో లాండ్రీ గురించి ఒక్క మాట లేదు. ఓవర్‌టైము చేసే మనిషికి ఊరంతా తిరిగి కౌంటర్లు బేరీజు వేసే తీరిక ఎక్కడిది? చెవిలో పువ్వు పెట్టాలంటే పక్కింటివాళ్ళకి పెట్టు. నాకు వద్దు.

నీకు జీతం వస్తోందా? ఉన్నదున్నట్టు రాయి.

వదిన

*

అదే గది నుంచి

వదినా,

రావడం లేదు.

నీ ఉత్తరం అందాక రెండు రోజులు ఏడ్చి రాస్తున్నాను. లాండ్రీ కాంట్రాక్టు కొత్తవాడి చేతికి వెళ్ళింది. వచ్చిన మొదటి నెల నుంచీ 'హోటళ్ళు బాకీ పెట్టాయి, వచ్చే నెల చూద్దాం' అంటున్నాడు. హోటళ్ళు నిండుగా ఉన్నాయి వదినా, దుప్పట్లు మేమే ఉతుకుతున్నాం కదా, మాకు తెలీదా? గట్టిగా అడిగినవాళ్ళని పనిలోంచి తీసేశాడు. ముందు అడిగింది నేనే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, అడిగితే ఉన్నది ఊడగొట్టాడు.

నేనిక్కడ ఉండడానికి కార్డు ఉంటుంది కదా, దాన్ని ఏటా యజమానే పొడిగించాలి. వాడు పొడిగించలేదు. గడువు దాటిన కార్డు చూసి బ్యాంకు నా ఖాతా ఆపేసింది. ఫోన్లోంచి పంపే పద్ధతికీ ఆ కార్డే కావాలి. కౌంటర్లోనూ అదే. నేను రాసిన బేరీజు అంతా అబద్ధం కాదు, కానీ అందుకు కాదు నేను దారులు వెతికింది. నా పేరున్న దారులన్నీ మూసుకుపోయాయి. వంటావిడ దగ్గర అప్పు తీసుకుని, ఆవిడ చేతే పంపించాను. అంకె తగ్గకూడదు అనుకున్నాను. అన్నయ్య స్తంభాలు లేపేశాడని తెలిశాక ఇంకా తగ్గించలేకపోయాను.

ఇప్పుడు కాంట్రాక్టరు ఒక కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. 'నాకు రావలసిన జీతమంతా ముట్టింది' అని సంతకం పెడితే ఇంటికి టికెట్ కొనిస్తాడట. కొందరు పెట్టేశారు. నేను కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చాను. విచారణకి పిలుస్తామన్నారు, ఎప్పుడో తెలియదు. అప్పటిదాకా అద్దె, తిండి ఎలా అన్నది పెద్ద ప్రశ్న. వంటావిడ ఒప్పందం అయిపోయింది, ఈ వారం ఆవిడ శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతోంది.

సంతకం పెట్టి వచ్చేయమంటావా? అన్నయ్యకి మాత్రం చెప్పకు.

నీ చిట్టి

*

కుట్టు దుకాణం నుంచి

చిట్టీ,

సంతకం పెట్టావంటే నా గుమ్మం తొక్కకు. కోపంతోనే రాస్తున్నా, చదువుకో. ఆ టికెట్ వాడు కొనిస్తున్నాడా? నీ జీతంలోంచి ఒక ముక్క విరిచి నీకే దానం చేస్తున్నాడు. మిగతాదంతా వాడి జేబులో. నీ చేత ఉతికించుకుని నీకే బురద పూస్తాడా? నీ మీదా కోపంగానే ఉంది. అప్పు చేసి నాకు డబ్బు పంపిస్తావా? ఆ డబ్బు పెట్టి ఇటుకలు కొన్నాం, అవి చూస్తుంటే కడుపు మండుతోంది.

ఇక నుంచి నువ్వేమీ పంపవద్దు. నేను పంపుతాను. స్కూలు యూనిఫారాలు కుట్టిన డబ్బు నా దగ్గరుంది.

పంపుతాననడం తేలికే. పంపబోతే తెలిసింది లోకం సంగతి. ముందు కౌంటరుకి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే "వచ్చారా గొడవ అమ్మగారూ" అన్నాడు. అక్కడికి డబ్బు పంపాలన్నాను. "ఇక్కడ తీసుకోవడమే గానీ పంపడం ఉండదమ్మా. అయినా అక్కడివాళ్ళకి ఇక్కడి నుంచి పంపడమేంటి?" అని నవ్వాడు. పంపినా నీ కార్డు చెల్లదు కాబట్టి అక్కడ ఇవ్వరట.

బ్యాంకులో ఒక అమ్మాయి ఫారం ఇచ్చింది. ఎందుకు పంపుతున్నారో గడి నింపమంది. చదువు, వైద్యం, ప్రయాణం, బంధువుల పోషణ. పోషణ దగ్గర టిక్కు పెట్టాను. ఆ అమ్మాయి నా వంక జాలిగా చూసి, "సంపాదించడానికి వెళ్ళినవాళ్ళకి మీరు పోషణేంటమ్మా? మీరు పొరపాటున పెట్టినట్టున్నారు" అంది. "పొరపాటు నాది కాదమ్మా, జీతం ఎగ్గొట్టినవాడిది" అన్నాను. చివరికి తేలిందేమిటంటే పంపినా నీ ఖాతా ఆపేశారు కాబట్టి వారానికి వెనక్కి వస్తుంది, కోతలు మాత్రం పోతాయి. డబ్బు అటు నుంచి ఇటు వస్తే గౌరవం, ఇటు నుంచి అటు వెళ్తే అనుమానం! నువ్వు పంపినన్నాళ్ళూ కోసుకున్న ఈ బ్యాంకులు, నీకు అవసరం వచ్చేసరికి ముఖం చాటేశాయి.

ఏడుపొచ్చి దుకాణం ముందు కూర్చుంటే మూలింటావిడ జాకెట్టు కోసం వచ్చింది. వాళ్ళాయన నువ్వుంటున్న ఊళ్ళోనే క్రేను డ్రైవరు. నెలనెలా ఇంటికి పంపుతాడు. ఆవిడే అంది, "నువ్వు నాకిక్కడ ఇచ్చెయ్, మా ఆయన అంతే నీ ఆడపడుచుకి అక్కడ ఇస్తాడు. ఆయనకీ కౌంటరు కోత తప్పుతుంది" అని. చూశావా, ఇన్ని బ్యాంకులకి తట్టనిది జాకెట్టు కోసం వచ్చినావిడకి తట్టింది. ఈ నెలది ఇచ్చేశాను. ఆయన నీ దగ్గరికి వస్తాడు. తీసుకో, తిను, విచారణకి వెళ్ళు.

వదిన

*

లాండ్రీ వెనక గది నుంచి

వదినా,

క్రేను డ్రైవరుగారు వరుసగా రెండు నెలలు వచ్చి ఇచ్చారు. పెద్దమనిషి. బస్టాపులో నిలబడి, ముందు వాళ్ళావిడకి ఫోను చేసి, ఆవిడ అక్కడ ముట్టిందని చెప్పాకే నా చేతిలో పెడతారు. అద్దె కట్టాను. కడుపునిండా తింటున్నాను.

విచారణ అయింది వదినా.  కాంట్రాక్టరు ఇస్త్రీ చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. జీతాలన్నీ నగదుగా ఇచ్చేశానన్నాడు. అధికారి ఋజువేదని అడిగితే సూపర్‌వైజర్ని లేపాడు. వాడు చెప్పింది విను. "ఈవిడ కౌంటరు వరసలో నిలబడి ఇంటికి డబ్బు పంపడం నేను కళ్ళారా చూశాను సార్. ఎప్పుడూ పంపినంతే పంపానని తోటివాళ్ళతో కూడా అంది. జీతం లేనిదే ఎలా పంపుతుంది?"

 అంకె తగ్గకూడదని నేను చేసిన అప్పే వాడి ఋజువైంది. నా పరువు కోసం పంపిన డబ్బుతో నా నోరే మూయించాడు. అది వంటావిడ డబ్బని, ఆవిడ పేరునే పంపిందని, నేను ఆవిడకి తోడుగా నిలబడ్డానని చెప్పాను. ఆవిడేది అన్నారు. ఇంటికెళ్ళిపోయింది, ఆవిడ ఫోను కలవడం లేదు. ఇక్కడి కౌంటరువాడు పంపిన మనిషికి తప్ప వివరాలివ్వనంటాడు. అధికారి ఇంకో వాయిదా ఇచ్చారు. ఆ డబ్బు ఎవరి పేరున వెళ్ళిందో ఋజువు తెచ్చుకోమన్నారు. తేకపోతే ఫిర్యాదు కొట్టేస్తారు. ఉత్తరానికి జవాబు ఆలస్యమైతే దాటిపోతుంది, అన్నయ్య ఫోన్లోనైనా సరే చెప్పు.

నువ్వు డబ్బు తీసుకున్న కౌంటరాయన నీకు రాసిస్తాడా?

చిట్టి

*

కుట్టు దుకాణం నుంచి

చిట్టీ,

కాగితం ఫోటో నీ ఫోనుకి ముందే చేరి ఉంటుంది. అసలు కాగితం ఇందులో పెట్టాను. ఎలా వచ్చిందో విను.

నీ ఉత్తరం అందేసరికే ఇంట్లో మంట రేగి ఉంది. క్రేను డ్రైవరు సంగతి ఎవరో డిపోలో ఊదారు. మీ అన్నయ్య చిందులు తొక్కుతూ వచ్చాడు.

"నా చెల్లెలు పరాయి మగాడి చేతిలోంచి డబ్బు తీసుకోవడమేంటి?"

"మరి కౌంటరులో కూర్చున్నాయన నాకు మేనమామా? ఇన్నాళ్ళూ ఆయన చేతిలోంచే తీసుకుని నీకిచ్చాను, అప్పుడు పరాయివాడు కాదా? ఇచ్చేవాడి పెళ్ళానికి లేదు అనుమానం. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

ఇక దాచి లాభం లేదని అన్నీ చెప్పేశాను. మొదట అన్న మాట ఏమిటో తెలుసా? "సంతకం పెట్టి వచ్చేయమను, టికెట్ ఇస్తున్నారుగా." నేను నీ ఉత్తరం చేతిలో పెట్టాను. అంకె తగ్గకూడదు అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాడు.

"తగ్గితే నేనేమన్నా అన్నానా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అన్నావు. అది జ్వరమొచ్చి ఓ నెల తక్కువ పంపితే 'ఏంటి, షికార్లు ఎక్కువయ్యాయా' అన్నావు. స్పీకర్లోనే అన్నావు, నేను వంటింట్లోంచి విన్నాను."

మర్నాడు పొద్దున్నే డిపోకి సెలవు పెట్టి నాకంటే ముందు కౌంటరు దగ్గర నిలబడ్డాడు. కళ్ళజోడాయన మొదట కుదరదన్నాడు. "మా నియమాలు ఒప్పుకోవు, అయినా అంతమంది వస్తుంటారు, ఎవరి డబ్బు ఎవరి పేరున వచ్చిందో నాకెలా గుర్తుంటుంది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే నన్ను చూసి తల పట్టుకున్నాడు.

"మీదా! ఆ గొడవ ఎలా మర్చిపోతానమ్మా? పేరు కలవలేదని మా మేనేజర్ని కూడా బయటికి రప్పించారుగా."

"మరి ఆ సంగతే రాయండి" అన్నాడు మీ అన్నయ్య. "రాసేదాకా నేనీ వరస కదలనివ్వను." మా ఇద్దరి గొడవ కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. మేనేజరు కంప్యూటరు చూసి, రెండుసార్లూ పంపింది వంటావిడేనని, నువ్వు కాదని రాసి, ముద్ర వేసిచ్చాడు. నా జీవితంలో నా నోటికి మొదటిసారి విలువ వచ్చింది.

ధైర్యంగా వెళ్ళు.

వదిన

*

లాండ్రీ వెనక గది నుంచి

వదినా, అన్నయ్యా,

గెలిచాం!

కాగితం చదివి అధికారి కాంట్రాక్టర్ని ఒకటే అడిగారు: "ఈవిడకి జీతం ఇచ్చినట్టు ఈవిడ సంతకం ఒక్కటి చూపించండి." వాడి దగ్గర లేదు. ఆ ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోయింది. బాకీ జీతం మొత్తం కట్టాలన్నారు, కార్డు కూడా వాడి ఖర్చుతోనే పొడిగించాలన్నారు. టికెట్ కాగితం మీద సంతకం పెట్టకుండా మిగిలిన ముగ్గురు కూడా ఇప్పుడు ఫిర్యాదు ఇచ్చారు. నిన్న డబ్బు చేతికొచ్చింది. వంటావిడ ఫోను కలిసింది, ఆవిడ అప్పు పంపి తీర్చేశాను. వేరే లాండ్రీలో పనికి రమ్మన్నారు.

ఇప్పుడు నా కార్డు చెల్లుతుంది, అన్ని దారులూ తెరుచుకున్నాయి. మిగిలిందంతా పంపేస్తాను. వదిన నాకిచ్చింది, అన్నయ్య గది పైకప్పుకి కావలసింది, అన్నీ కలిపి. ఈసారి పెద్ద మొత్తం కాబట్టి బ్యాంకే నయమేమో, కోతలు మూడైనా మొత్తాన్ని బట్టి పెరగవు. కౌంటరు అయితే రేటులో ఎక్కువ పోతుంది. ఏ దారిలో పంపమంటావో చెప్పు.

మీ చిట్టి

*

కుట్టు దుకాణం నుంచి

చిట్టీ,

ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. సంతోషపడ్డాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తర్వాత అలవాటు చొప్పున "ఎంత పంపుతుందట?" అన్నాడు. నేనొక చూపు చూశాను. "సరే, సరే, ఊరికే అడిగా" అని బయటికెళ్ళి మేడ మీది ఇనుప చువ్వలకి తుప్పు పట్టకుండా గోనెపట్టా చుట్టొచ్చాడు. అవి అలాగే ఉంటాయి. చువ్వలకి ఆకలి వేయదు.

బ్యాంకులో పంపకు. కౌంటరులో పంపకు. క్రేను డ్రైవరు చేతికీ ఇవ్వకు. ఏ దారి నయమని అడిగావు కదా, ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగి నేను తేల్చిన బేరీజు ఇది. నీ డబ్బు నీ పేరున, నీ ఖాతాలో, నీ దగ్గరే ఉంచు. మధ్యలో బ్యాంకు లేదు, కోత లేదు, రేటు గొడవ లేదు. మళ్ళీ ఎవడైనా కాగితం పట్టుకుని సంతకం అడిగితే, ఆ డబ్బు నీ వెనకుంటే నువ్వు పెట్టవు. నేనిచ్చింది తిరిగి పంపావో, కౌంటరులో ఎలా అరిచానో అలాగే అరుస్తాను, అదీ స్పీకర్లో. కావాలంటే ఏడాది గడిచాక, నీకు మిగిలితే, నీకు తోచినంత పంపు. తగ్గినా ఎవరూ నోరెత్తరు. ఎత్తితే నేనున్నాను.

నిన్న కౌంటరు ముందు నుంచి వెళ్తుంటే ఆ కళ్ళజోడాయన బయట నిలబడి ఉన్నాడు. ఊరికే ఉండలేడుగా, పలకరించాడు.

"ఏం గొడవ అమ్మగారూ, ఈ నెల మీ డబ్బు రాలేదా?"

"వచ్చిందండీ. ఎవరికి రావాలో వాళ్ళకి వచ్చింది" అన్నాను.

నీ వదిన